తొమ్మిది లక్షల అరవై వేల నీలి చుక్కలు

పోయినవాటితో మొదలుపెడతాను. ఇరవై ఏడేళ్ల పనిలో నా చేతిలో పగిలిన గాజు కవరు పలకలు మూడు వందల పదకొండు. కణాలు లెక్కపెట్టే గాజు చాంబర్లు నాలుగు. అందులో మూడు జారిపడ్డాయి, నాలుగోదాని మీద నేనే కూర్చున్నాను. చూపు మారి పక్కన పెట్టిన కళ్లద్దాలు ఐదు జతలు. గిర్రున తిప్పే మెషిన్‌లో ఎదురు బరువు పెట్టడం మరిచినందుకు పగిలిన ట్యూబులు పద్దెనిమిది. మంచు ఎంత కరిగిందో కూడా లెక్క వేశాను, రోజుకు నాలుగు కిలోల చొప్పున. ఆ అంకె ఇక్కడ రాస్తే మా ఆయన చదివి వారం రోజులు నవ్వుతాడు, కాబట్టి వదిలేస్తున్నాను. ఉప్పల్ రింగురోడ్డు దాటడానికి ఆగిన గంటలు కూడా వదిలేస్తున్నాను. అది ఊరందరి నష్టం.

ఇవన్నీ ఒక పళ్లెంలో వేయండి. రెండో పళ్లెంలో నేను ఒకే ఒక్క పొద్దున పోగొట్టినవి వేయండి. తొమ్మిది లక్షల అరవై వేల కేంద్రకాలు, అన్నీ ఒకే మనిషివి. వాటిలో చెడిపోయినవంటూ లేవు. మా ల్యాబ్‌లో అంతవరకూ ఎవరూ అంత శుభ్రంగా తీయలేదు. అంత శుభ్రమైన వాటిని నేనే చచ్చాయని చెప్పి, అందరినీ దుఃఖపెట్టి, పోగొట్టాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నా ప్రమోషన్లతో పనిలేదు. ఉన్నవి కూడా రెండే. ఆ తొమ్మిది లక్షల అరవై వేల సంగతి మాత్రం పనికొస్తుంది.

షట్టర్లు

ముందు పని ఏమిటో చెప్పాలి. చదువుకున్నవాళ్లు దీన్ని తెరిచి ఉన్న క్రోమాటిన్‌కు పటం గీయడం అంటారు. నేను ఇంటర్ మధ్యలో మానేసిన మనిషిని. నాకు అర్థమైనట్టు చెబుతాను.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒక కేంద్రకం ఉంటుంది. అందులో రెండు మీటర్ల డీఎన్ఏ దారం చుట్టలు చుట్టి ఉంటుంది. రెండు మీటర్లని మొదటిసారి విన్న రోజు టేపు తెచ్చి బల్ల మీద కొలిచాను. నా చీరలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. అంత పొడుగు దారం కంటికి ఆనని చుక్కలో పడుతుందని తలచుకుంటే ఆ రోజంతా నవ్వు ఆగలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఒంటరిగా ఉన్నప్పుడు గుర్తొచ్చి నవ్వుతాను.

ఆ దారం మీది జన్యువులు అన్నీ ఎప్పుడూ పనిచేయవు. పొద్దున ఎనిమిదిన్నరకు నాచారం మెయిన్ రోడ్డు మీద నడిస్తే కొన్ని షట్టర్లు పైకెత్తి ఉంటాయి, కొన్ని సగం ఎత్తి ఉంటాయి, కొన్ని దించి తాళం వేసి ఉంటాయి. కణంలోనూ అంతే. కాలేయం కణంలో ఒక వరస షట్టర్లు ఎత్తి ఉంటే, రక్తం కణం తయారయ్యేటప్పుడు ఇంకో వరస. ఏవి ఎత్తి ఉన్నాయో తెలిస్తే ఆ కణం ఏ పని మీద ఉందో తెలిసిపోతుంది.

ఎలా తెలుసుకోవాలి? ట్యూషన్ సెంటర్ల కరపత్రాలు పంచే మనిషిని చూసే ఉంటారు. షట్టర్ ఎత్తి ఉన్న కొట్టులోకి ఒక కాగితం విసిరి ముందుకు పోతాడు. మా ఎంజైము కూడా అదే చేస్తుంది. తెరిచి ఉన్న చోట దారాన్ని తెంపి, తెగిన కొసకు ఒక చిన్న గుర్తుముక్క అతికిస్తుంది. ఆ గుర్తులున్న ముక్కలన్నీ ఏరి చదివిస్తే, తెరిచి ఉన్న కొట్ల చిరునామాలు చేతికొస్తాయి.

ఇక్కడే లెక్క వస్తుంది. వంద కరపత్రాలకు వంద కొట్లుంటే పని సరిగ్గా జరుగుతుంది. వంద కరపత్రాలిచ్చి ఐదు కొట్లు చూపిస్తే ఆ మనిషి మూసిన షట్టర్ల సందుల్లోంచి కూడా దూరుస్తాడు. రెండు వేల కొట్లు చూపిస్తే ఆ వంద కాగితాలు ఎక్కడ పడ్డాయో వెతికినా దొరకవు. మా ఎంజైము కొలతకు సరిపడేవి యాభై వేల కేంద్రకాలు. మరీ తగ్గకూడదు, మరీ పెరగకూడదు. కాబట్టి ప్రతి ల్యాబ్‌కూ ఓపికగా లెక్కపెట్టే మనిషి ఒకరు కావాలి. మా ల్యాబ్‌లో ఆ మనిషిని నేను.

ఉప్పల్ సారు

లెక్క నాకు నేర్పింది ఉప్పల్‌లో నా మొదటి సారు. భువనగిరి దిక్కు నుంచి వచ్చి నాచారం ఫ్యాక్టరీలో చేరిన మా నాన్న, తెలిసినవాళ్లను అడిగి నన్ను ఆ ల్యాబ్‌లో గాజు సామాను కడిగే పనికి పెట్టించాడు. కడిగిన ట్యూబులను పైకి లెక్కపెడుతూ గోడ మీద పెన్సిల్‌తో గీతలు గీయడం నా అలవాటు. సారు ఒకరోజు ఆ గీతలు చూసి, తన లెక్కతో సరిచూసుకుని, తనదే తప్పని తేలాక నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు.

చాంబర్ అంటే గళ్లు గీసిన గాజు పలక. నాలుగు మూలల గళ్లలో కణాలను లెక్కపెట్టి, సగటు తీసి, పదివేలతో గుణించాలి. రంగు కలిపినందుకు ఇంకో రెండుతో గుణించాలి. గీత మీద కూర్చున్న కణాలను ఏం చేయాలని అడిగితే, పై గీత, ఎడమ గీత మీద ఉన్నవి మన ఇంటివి, కింది గీత, కుడి గీత మీద ఉన్నవి పక్కింటివి అన్నాడు. ఇరవై ఏడేళ్లూ ఆ మాట తప్పలేదు. ఇంకొక మాట కూడా చెప్పాడు. ట్రిపాన్ బ్లూ అనే నీలి రంగు చచ్చిన కణంలోకే పోతుంది, బతికిన కణం దాన్ని లోపలికి రానివ్వదు. "నీలం చచ్చింది, తెలుపు బతికింది. నీలాన్ని తీసెయ్, తెలుపును రాయ్." రోజూ పొద్దున దీన్ని నాచేత పైకి చెప్పించేవాడు. కొన్నాళ్లకు మా కాలనీలో ఎవరింటికి నీలం సున్నం వేసినా నాకు మనసులో ఏదోలా ఉండేది.

అప్పట్లో తెరిచి ఉన్న చోట్లు వెతికే పద్ధతి వేరు. అతికించడం లేదు, కొరకడమే. డీఎన్ఏను కొరికే ఎంజైము వేస్తే తెరిచి ఉన్న చోట్లే ముందు తెగుతాయి. ఒక నిమిషం ఎక్కువైతే అంతా పిండి, తక్కువైతే ఏమీ జరగదు. ఒక్కసారికి మా సారుకు ఐదు కోట్ల కణాలు కావాలి. ఐదు కోట్లు అని నా నోటితో చెప్పే రోజు వస్తుందని నేననుకోలేదు. ఇంటికొచ్చి మా ఆయనతో ఈ రోజు ఐదు కోట్లు నా చేతిలో ఉన్నాయని చెబితే, కూరగాయల సంచి చూపించి మరి ఇందులో ఏం తెచ్చావని అడిగాడు.

సారుది బలమైన చేయి. ఏ ట్యూబు దొరికినా గడగడా ఆడించేవాడు. ఒకసారి మూడు వారాల పాటు ఆయన ఎంజైము ఏదీ కొరకలేదు. మొదటి వారం కరెంటును తిట్టాడు, రెండో వారం మంచును, మూడో వారం నన్ను. ఎంజైముతో వచ్చిన కాగితాన్ని నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఈ ఎంజైమును ఆడించవద్దు, ఆడిస్తే పనికిరాకుండా పోతుంది అని ఉంది. కాగితం ఆయన ముందు పెట్టాను. చదివాడు, నాలుగు మడతలు పెట్టాడు, జేబులో వేసుకున్నాడు. మర్నాడు అందరికీ మిర్చిబజ్జీలు తెచ్చాడు. తప్పు నాది అన్న మాట మాత్రం రాలేదు. అంత పనిమంతుడు, ఆ ఒక్క మాట అనలేకపోయాడు. దానివల్ల మా ల్యాబ్‌లో తర్వాత చేరినవాళ్లు కూడా ఆ ట్యూబును ఆడించారు, కాగితం ఆయన జేబులో ఉండిపోయింది కాబట్టి.

పసి రక్తం నర్సింహులు

ఆ తర్వాత నాచారంలో వసుధ మేడం నడిపే చిన్న పరిశోధన ల్యాబ్‌కు మారాను. కింద అట్టపెట్టెలు చేసే యూనిట్, పైన మేము. పెట్టెల మెషిన్ దబదబ కొడితే మా మైక్రోస్కోపు కింద కణాలు కూడా ఎగిరేవి. వాళ్లు చాయ్ తాగేటప్పుడు నేను లెక్కపెట్టేదాన్ని.

మేడం దగ్గర జనగామ పిల్ల స్వప్న పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె వెతికేది ఒకే షట్టర్. పుట్టకముందు మన రక్తంలో ఒక రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టిన కొన్ని నెలలకు ఆ జన్యువు షట్టర్ దించుకుని పెద్దల హిమోగ్లోబిన్‌కు చోటిస్తుంది. కొందరు పిల్లలకు ఆ పెద్దల జన్యువు లోపంతో ఉంటుంది. నెలనెలా దవాఖానాలో రక్తం ఎక్కించుకోవాల్సిన పిల్లలు వాళ్లు. వాళ్లలో ఆ పాత షట్టర్‌ను మళ్లీ ఎత్తగలిగితే చాలు. ఎత్తాలంటే, దించకుండా వదిలేసిన మనిషి ఎవరైనా ఉంటే చూసి నేర్చుకోవాలి.

అలాంటి మనిషి మాకు ఒక రక్త పరీక్షల క్యాంపులో దొరికాడు. పేరు నర్సింహులు, నలభై ఐదేళ్లు, ఉండేది మౌలాలిలో. మల్లాపూర్ రోడ్డు మీద లారీలను తూచే ధరమ్ కాంటా నడుపుతాడు. ఏ జబ్బూ లేదు. ఆ షట్టర్ మాత్రం పుట్టినప్పటి నుంచీ ఎత్తే ఉంది. విషయం చెబితే మస్తు సంబరపడ్డాడు. వాళ్లావిడకు ఫోన్ చేసి, నాది ఇంకా పసి రక్తమేనట, ఇంట్లో పనులు చెప్పొద్దని అన్నాడు. ఆవిడ ఏమందో మాకు వినపడలేదు గానీ, ఆయన ఫోన్ తొందరగా పెట్టేశాడు.

ఒక్కటే చిక్కు. ముప్పై టన్నుల లారీ తన మీదికి వెనక్కి వస్తున్నా కదలని మనిషి సూదిని చూస్తే పడిపోతాడు. రెండుసార్లు రక్తం ఇవ్వడానికి ఒప్పుకుని సంతకం పెట్టాడు. మొదటిసారి ఇచ్చింది కణాలు పెంచడం నేర్చుకోవడానికే సరిపోయింది. రెండోసారి సూది చూసి స్పృహ తప్పి, కుర్చీకి చక్రాలున్నందువల్ల కూర్చున్నవాడు కూర్చున్నట్టే తలుపు దాకా పోయాడు. లేచి, కళ్లు మూసుకుని ఎలాగో రక్తం ఇచ్చాక మాతో అన్నాడు, "ఇగ అయిపాయె. మళ్ల సూది అంటే నన్ను మర్చిపోండ్రి."

ఆ రెండో రక్తం నుంచి పద్నాలుగు రోజులు పెంచిన కణాలే నా చేతికి వచ్చాయి. స్వప్న ఫెలోషిప్ ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది. ఆమె ఆరేళ్ల చదువు ఆ ఒక్క ట్యూబు మీద నిలబడి ఉంది.

ఆ పొద్దు

అంతవరకు మేము బతికిన కణాలను లెక్కపెట్టి, యాభై వేలు కొలిచి, తర్వాత వాటి పైపొర కరిగించి కేంద్రకాలు బయటికి తీసేవాళ్లం. కడిగేటప్పుడు కొన్ని పోతున్నాయేమోనని స్వప్నకు అనుమానం. ఈసారి పైపొర కరిగించాక కూడా లెక్కపెట్టమంది. నేను అలా లెక్కపెట్టడం అదే మొదలు.

కింద చాయ్ టైమ్ అయింది, మెషిన్ ఆగింది. చాంబర్‌లో చుక్క వేసి చూశాను. నాలుగు గళ్లలో నీలివి నూట తొంభై రెండు, తెల్లవి ఎనిమిది.  నీలం చచ్చింది, తెలుపు బతికింది. ఎనిమిదిని నాలుగుతో భాగిస్తే రెండు, రెండు పదివేలు, ఇంకో రెండు రెట్లు. ట్యూబులో ఉన్నది ఒక మిల్లీలీటరు, కాబట్టి మొత్తం నలభై వేలు.

స్వప్న పక్క గదిలో ఎంజైము కలిపి, చేతి తొడుగులతో నిలబడి ఉంది. "అక్కా, ఎన్నొచ్చినయ్?" అని అడిగింది.

"నలభై వేలే బిడ్డా. మిగిలినవన్నీ చచ్చినయ్."

ఆ పిల్ల తొడుగుల చేతులు పైకెత్తి పట్టుకుని ఏడ్చింది, మొహం తుడుచుకోవడానికి లేక. నేనే నా కొంగుతో తుడిచాను. నా కళ్లలో కూడా నీళ్లున్నాయి. కావలసినవి యాభై వేలు, ఉన్నవి నలభై వేలు, కాబట్టి ట్యూబు మొత్తం ఊడ్చి ఒకే ఎంజైములో పోశాం. చుక్క కూడా మిగల్చలేదు.

గంటన్నర ముందు నూటికి తొంభై నాలుగు బతికే ఉన్నాయని నేనే రాశాను. పదకొండుకల్లా నూటికి తొంభై ఆరు చచ్చాయని కూడా నేనే రాశాను. లెక్క మనిషికి అక్కడ అనుమానం రావాలి. నాకు దుఃఖం వచ్చింది. పనిలో దుఃఖం ముందొస్తే అనుమానానికి చోటుండదు, నా అనుభవంలో అంతే.

మర్నాడు ఆ డీఎన్ఏను, ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద నడిపించారు. పని బాగా జరిగితే దాని మీద మెట్లు మెట్లుగా గీతలు కనిపిస్తాయి. కేంద్రకంలో దారం పూసల్లాంటి ప్రోటీన్ల మీద చుట్టుకుని ఉంటుంది, ఆ పూసలు సమాన దూరంలో ఉంటాయి కాబట్టి ముక్కలు కూడా ఒక పూస పొడవు, రెండు పూసలు, మూడు పూసలు అని తెగుతాయి. మాకు ఒక్క మెట్టు లేదు. పైన ఒక మరక, అంతే.

ఒకే రకం చావు

మేడం రెండు అనుమానాలు చెప్పింది. ఒకటి ఎంజైము పాడైందని, రెండోది స్వప్న చేయి తిన్నగా లేదని. ఎంజైము పంపినవాళ్లకు ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది. స్వప్న మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవడం మానేసింది. చేయి ఎక్కడ తప్పిందో తెలుసుకోవాలని, పారేయబోయే పాత కణాలతో అదే పని మళ్లీ చేసి, లెక్కపెట్టమని నాకిచ్చింది.

చూశాను. నీలివి నూటికి తొంభై ఐదు.

అక్కడ ఆగాను. ఇవి వేరే కణాలు, వేరే రోజు. మొన్న తొంభై ఆరు చచ్చాయి, ఈ రోజు తొంభై ఐదు. చావు ఇంత పద్ధతిగా ఉండదు. నా ఇరవై ఏళ్ల పుస్తకాల్లో ఒక రోజు పది చస్తే ఇంకో రోజు నలభై చచ్చాయి. మైక్రోస్కోపులో పెద్దవి చేసి నిదానంగా చూశాను. నీలివన్నీ చిన్నవి, గుండ్రనివి, చుట్టూ కణం ఒళ్లు లేదు. అవి చచ్చిన కణాలు కావు, బయటికి వచ్చిన కేంద్రకాలు. పైపొర మేమే కరిగించాం, కాబట్టే రంగు లోపలికి పోయింది. ఇక్కడ నీలం అంటే పని కుదిరిందని. తెల్లవే కుదరనివి.

పెన్సిల్ తీసుకుని మొన్నటి లెక్క మళ్లీ వేశాను. నూట తొంభై రెండును నాలుగుతో భాగిస్తే నలభై ఎనిమిది. పదివేలు, రెండు రెట్లు. తొమ్మిది లక్షల అరవై వేలు. యాభై వేలు పోయాల్సిన చోట పంతొమ్మిది రెట్లు పోశాం. వంద కరపత్రాలిచ్చి రెండు వేల కొట్లు చూపించాం.

నా పుస్తకం ఎవరూ చూడరు. నోరు మూసుకుని వచ్చేసారి సరిగా లెక్కపెడితే సరిపోతుంది, నింద ఎంజైము మీదికి పోతుంది. ఈ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. ఒక చాయ్ తాగినంత సేపు దాని గురించి ఆలోచించాను. అంతలో ఉప్పల్ సారు జేబులో మడతపెట్టిన కాగితం గుర్తొచ్చింది. చాయ్ సగంలో వదిలి మేడం గదికి పోయాను. స్వప్న అక్కడే ఉంది.

పుస్తకం బల్ల మీద పరిచి, తప్పు నాది అని చెప్పాను. ఎంజైముది కాదు, ఈ పిల్లది కాదు అన్నాను. మేడం అంకెల మీద వేలు పెట్టి, నీలివి నూట తొంభై రెండా అని రెండుసార్లు అడిగింది. తర్వాత కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"ఎస్తేరూ, నూటికి తొంభై ఆరు. ఇంత మంచి కేంద్రకాలు ఈ ల్యాబ్‌లో ఇంతవరకు ఎవరూ తీయలేదు. వాటికి నువ్వు అంత్యక్రియలు చేసినవ్."

అని నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేకపోయింది. నేను కూడా, ఆ పరిస్థితిలో నవ్వకూడదని తెలిసి కూడా, నవ్వాను. స్వప్న నవ్వలేదు.

"మంచిగున్నవాటికోసం నేను ఏడ్సిన అక్కా. చచ్చినయ్ అన్నవ్, నమ్మిన." నా పుస్తకం వైపు చూసి, "నీలం అంటే ఏందో నేను జెప్పనే లేదు నీకు," అంది. చెప్పాల్సిన సంగతని తనకు తోచలేదట. నాకు అడగాల్సిన సంగతని తోచలేదు.

ఫిర్యాదు ఉత్తరం చింపేశారు. కానీ రక్తం ఎక్కడిది? నర్సింహులు మళ్లీ ఒప్పుకుంటే మనుషుల రక్తం తీసుకోవడానికి ఒప్పుకోవాల్సిన కమిటీ అనుమతి తాను తెస్తానంది మేడం. ఒప్పించడానికి నేను పోతానన్నాను. పోగొట్టింది నేనే కదా.

ధరమ్ కాంటా

నాచారం నుంచి మల్లాపూర్ రోడ్డు కాంటా దాకా నాలుగు వేల రెండు వందల అడుగులు. భయంగా ఉన్నప్పుడు అడుగులు లెక్కపెడతాను. నర్సింహులు చిన్న గదిలో మెషిన్ ముందు కూర్చుని ఉన్నాడు. బయట ఇనుప ముక్కల లారీ తూకానికి ఎక్కుతోంది.

"ఏందక్కా, గింత దూరమొచ్చినవ్? నాలో ఎన్ని షట్టర్లు లేసినయో చెప్తానికా?"

నిలబడే అంతా చెప్పేశాను. ఆయన ముందు లారీని తూచి, చిట్టీ కొట్టి, డ్రైవర్‌కిచ్చి పంపించాడు. తర్వాత, జర నిమ్మళంగ మళ్ల చెప్పమన్నాడు. నీలివెన్ని, తెల్లవెన్ని, దేన్ని తీసేశావు, దేన్ని రాశావు. నేను పుస్తకం చూపించాను. ఆయన తన చిట్టీల కట్ట తీసి పక్కన పెట్టుకుని చూశాడు.

"లోడు తోటి ఎంత, ఖాళీ ఎంత, తీసేస్తే సరుకెంత. మా దగ్గర గంతే. నువ్వేం జేసినవ్? సరుకును కిందబోసి, ఖాళీ లారీని సరుకని రాసినవ్."

నా ఇరవై ఏడేళ్లలో నా తప్పును అంత చక్కగా ఎవరూ చెప్పలేదు. అవునన్నాను.

"నేను కూడ ఒక్కపారి జేసిన," అన్నాడు గొంతు తగ్గించి. "ఖాళీ బరువు గడిలో లోడు రాసిన. ఆ రోజు ఓ సేటు సరుకు మైనస్‌ల పోయింది." తనకు తనే నవ్వుకున్నాడు. తర్వాత మొహం గట్టిగా చేశాడు. "ఇస్త. ఆ పిల్ల చదువు ఆగొద్దు. గని రెండు షరతులు."

మొదటిది, తన సరుకుకు చిట్టీ కావాలి. ఎన్ని ఇచ్చాడు, ఎన్ని పనికొచ్చాయి, ఎన్ని బాకీ. రెండోది, సూది గుచ్చేటప్పుడు నేను పక్కన నిలబడి పైకి అంకెలు లెక్కపెట్టాలి, ఆయన వాటి మీదే మనసు పెడతాడు.

రెండో లోడు

చక్రాలు లేని కుర్చీ వేశాం. నర్సింహులు కళ్లు మూసుకుని గోడ వైపు తిరిగాడు. నేను ఒకటి నుంచి మొదలుపెట్టాను. నర్సు సూది గుచ్చింది, ఆయన మొహం తెల్లబడింది, నేను అది చూస్తూనే లెక్క సాగించాను.

"అక్కా," అన్నాడు కళ్లు తెరవకుండానే, "ఎనభై నాలుగు ఎగ్గొట్టినవ్."

ఎనభై మూడు నుంచి ఎనభై ఐదుకు దూకానట. వెనక్కి పోయి ఎనభై నాలుగు చెప్పాను. రెండు వందల ముప్పై ఒకటి దగ్గర రక్తం నిండింది. ఆయన పడిపోలేదు. లేచి నిలబడి, తప్పుల్లేకుండా చెప్పుంటే ఇంకో సీసా కూడా ఇద్దునని డబ్బా కొట్టాడు.

పద్నాలుగు రోజులు పెంచాం. ఈసారి లెక్క నేనూ స్వప్నా వేరువేరుగా పెట్టాం, ఒకరి అంకె ఇంకొకరికి చెప్పకుండా. రంగు ముందు రాయాలి, ఆ రంగుకు అర్థమేమిటో పక్కన రాయాలి, ఆ తర్వాతే అంకె. ఈ నియమం ఆ రోజు పుట్టింది. మీరు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది పెట్టుకోండి. కాగితాలు తిప్పి చూస్తే ఇద్దరి దగ్గరా నీలివి నూట అరవై ఎనిమిది. ఒక్కటి తేడా లేదు. అలా కుదరడం చాలా అరుదు. ఇద్దరం కాగితాలు పట్టుకుని ఆ ఇరుకు గదిలో గిరగిరా తిరిగాం. ఎనిమిది లక్షల నలభై వేలు.

యాభై వేల చొప్పున మూడు ట్యూబులు చేశాం. మిగిలిన వాటిని పదమూడు చిన్న ట్యూబుల్లో పోసి గడ్డకట్టించి దాచాం. మర్నాడు జెల్ మీద మెట్లు వచ్చాయి. ఒకటి, రెండు, మూడు, మసకగా నాలుగోది కూడా. మూడు ట్యూబులకూ. స్వప్న కిందికి పరుగెత్తి అట్టపెట్టెల వాళ్లకు కూడా చూపించింది. వాళ్లకేమీ అర్థం కాలేదు గానీ మెషిన్ ఆపి అందరూ చూశారు. ఒకాయన, మెట్లు బాగున్నయ్ గని రెయిలింగ్ లేదమ్మా అన్నాడు.

చదివించిన ఫలితం కొన్ని వారాలకు వచ్చింది. కంప్యూటర్ తెర మీద కొండల వరస. తెరిచి ఉన్న చోటల్లా ఒక కొండ. మామూలు మనిషి పటంలో ఆ పసి జన్యువు దగ్గర చదునుగా ఉన్న చోట, నర్సింహులు పటంలో మౌలాలి గుట్టంత కొండ. ఆయన్ను పిలిచి చూపించాం. తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు.

"ఇదేనా నా షట్టర్?"

ఇదే అన్నాం. నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లలకు దీనితో బాగవుతుందా అని అడిగాడు. వెంటనే కాదని, ఇలాంటి పటాలు చూసి నేర్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారని, దారిలో ఇదొక మెట్టని మేడం ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన తలూపి, జేబులోంచి చిట్టీల కట్ట తీశాడు.

చిట్టీ

చిట్టీ మీద ఆయన పద్ధతి ఇది. మొదటి లోడు, అంటే నేను పోగొట్టిన తొమ్మిది లక్షల అరవై వేలు, నా పేరు మీద బాకీ. అది పైసల్లో తీరేది కాదు. మెట్లు వచ్చిన ఒక్కో ట్యూబుకు యాభై వేలు కొట్టేస్తాడు. మెట్లు రాని ట్యూబుకు ఏమీ లేదు. మూడు ట్యూబులకు ఒక లక్షా యాభై వేలు అక్కడికక్కడే కొట్టేశాడు. మిగిలినవి ఎనిమిది లక్షల పది వేలు.

స్వప్న గడువు లోపలే థీసిస్ ఇచ్చింది. దాచిన పదమూడు ట్యూబులను తర్వాత వచ్చిన పిల్లలు ఒక్కొక్కటిగా వాడారు. ఒక ట్యూబు కుదిరిన ప్రతిసారీ నేను కాంటా దాకా నడిచిపోయి చెప్పేదాన్ని. లారీలు ఆగి ఉన్నా ఆయన ముందు చిట్టీ తీసేవాడు. కుదరనప్పుడు కూడా పోయి చెప్పాను. అలాంటి రోజు కొట్టివేత లేదు, చాయ్ మాత్రం ఉండేది. మొత్తం మీద తొమ్మిది కుదిరాయి, నాలుగు కుదరలేదు. ఆ నాలుగింటిలో ఒకటి కరిగించేటప్పుడు నా చేతిలోనే పాడైంది. అది కూడా చెప్పాను.

మొన్న రిటైరైన రోజు శాలువా కప్పించుకుని, ఆ శాలువాతోనే మల్లాపూర్ రోడ్డు దాకా నడిచాను. ఫ్రీజర్‌లో ఆయనవి ఇంకేమీ మిగల్లేదని, నేను కూడా ఇక ల్యాబ్‌లో ఉండనని చెప్పాను. మిగిలింది మాఫీ చేయమని అడగడానికి నోరు రాలేదు. ఇంకోసారి రక్తం ఇస్తావా అని అడగడానికి మాత్రం వచ్చింది.

"సూదా? నన్ను మర్చిపో అక్కా," అన్నాడు. తర్వాత చిట్టీ తీసి, మడతల దగ్గర చిరిగినచోట టేపు వేసి, నా ముందే మళ్లీ కూడి, తీసేసి, కింద గీత గీశాడు. నేను కూడా వేళ్ల మీద వేసి చూశాను. ఇద్దరికీ ఒకటే వచ్చింది.

బాకీ: 3,60,000.